ఆదివారం కారు తుడిచే మనిషి

నంద్యాలలో కారు కడగడం అందరికీ వచ్చు, ఆరబెట్టడం మాత్రం ఒక్కరికీ రాదు. ఈ మాట నేను చాలా ఏళ్లుగా అంటున్నాను. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ. పొద్దున ఆరింటికి మా వీధిలోకి వచ్చి నిలబడండి, మీకే తెలుస్తుంది. ఎదురింటి బ్యాంకు ఉద్యోగి పైపు పట్టుకుని కారుకు అభిషేకం చేస్తాడు. అది అయ్యాక భార్య పాత నైటీ ఒకటి చేతికి చుట్టుకుని, గుండీలు కూడా పీకకుండా, బానెట్ మీద పిండి రుబ్బినట్టు గుండ్రంగా తిప్పుతాడు. గుండీ ఎక్కడెక్కడ తిరిగిందో ఎండ పడ్డాక పెయింటు మీద చూసుకోవచ్చు. ఆయన మాత్రం రెండడుగులు వెనక్కి జరిగి, నడుం మీద చేయి పెట్టుకుని, తృప్తిగా తల ఊపుకుంటాడు.

వీధి చివరి కాంట్రాక్టరు ఇంకా తెలివైనవాడు. తుడవడమే దండగ అని ఆయన సిద్ధాంతం. తడి కారును అట్లాగే హైవే ఎక్కించి, ఆళ్లగడ్డ దారిలో కొంతదూరం జోరుగా తోలి తిరిగి వస్తాడు. గాలికి ఆరిపోతుందట. లారీలు లేపే దుమ్ము తడి కారుకు అంటుకోదని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఇంటికి వచ్చాక ఆ దుమ్మును భుజం మీది తువ్వాలుతో దులుపుతాడు. దానికన్నా కడగక ముందు కారే నయం.

ఇక వాటర్ వాష్ దుకాణాలు. చక్రాలు తుడిచిన గుడ్డతోనే అద్దాలు తుడుస్తారు. అదేందయ్యా అని అడిగితే, "ఇది మైక్రోఫైబర్ సార్, ఏం గాదు" అంటారు. ఆ గుడ్డ కింద పడితే ఒకసారి దులిపి మళ్లీ కారు మీదే వేస్తారు. గుడ్డకు ఎంత గొప్ప పేరున్నా, అందులో ఇరుక్కున్న ఇసుక రేణువు తన పని తాను చేసుకుపోతుంది. ఈ సంగతి చెప్పబోతే, వచ్చినాడయ్యా పెద్ద ఇంజినీరు అన్నట్టు చూస్తారు. నేను ఇంజినీరును కాను, లెక్కల లెక్చరర్ని. గీత ఏదో, వృత్తం ఏదో మాత్రం నాకు తెలుసు.

మా బోరు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. బకెట్లో ఒక పూట ఉంచితే అడుగున తెల్లటి పొర కడుతుంది. అవే నీళ్లు కారు మీద చుక్కలుగా ఆరిపోతే ఒక్కో చుక్కకు ఒక్కో తెల్లని వలయం మిగులుతుంది. అందుకే మా ఊళ్లో అందరూ తెల్ల కార్లు కొంటారు. మచ్చలు కనబడవని. అంటే తుడవడం నేర్చుకోవడం కన్నా కారు రంగు మార్చుకోవడం వాళ్లకు సులువు. నేను నల్ల కారు కొన్నాను.

ఇంత గొప్పగా మాట్లాడుతున్నానంటే అది నా తెలివి కాదు. మా నాయనది. మాది ఆళ్లగడ్డ. ఆ ఊరి పేరు చెప్పగానే జనానికి శిల్పులు గుర్తొస్తారు. రాయిలోంచి దేవుణ్ణి తీసేది శిల్పే, కాదనను. కానీ ఉలి పని అయ్యాక ఆ విగ్రహాన్ని ఎవరో ఒకరు దినాల తరబడి నీళ్లు పోసుకుంటూ రుద్దాలి. ముందు గరుకు రాయితో, ఆ తర్వాత సన్న రాయితో. రుద్ది, కడిగి, మచ్చ పడకుండా ఆరబెట్టాలి. ఆ పని చేసేవాణ్ణి పాలిష్ పనోడు అంటారు. మా నాయన బతుకంతా ఆ పనే చేశాడు. ఆదివారం చర్చికి పోయేవాడు, మిగతా ఆరు రోజులు ఇతరుల దేవుళ్లకు స్నానం చేయించి తుడిచేవాడు. ఆ రెంటికీ ఎక్కడా పేచీ ఉన్నట్టు ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

నేను కారు కొన్న కొత్తలో ఒక ఆదివారం నాయన మొదటి బస్సుకు నంద్యాల వచ్చాడు. నేను వాకిట్లో, ఎండలో, స్నానం చేసే తువ్వాలుతో కారు తుడుస్తున్నాను. గేటు దగ్గరే నిలబడి కాసేపు చూశాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"తుడుస్తాండా నాయనా."

"తుడుస్తాండావా, గీకుతాండావా?"

నా చేతిలోంచి తువ్వాలు లాక్కుని గోడ మీద పడేశాడు. కారును వేపచెట్టు నీడలోకి జరిపించాడు. "ఈ నీళ్లల్లో రాయి ఉందప్పా. నీళ్లు ఎగిరిపోతాయి, రాయి ఈడ్నే ఉంటాది. ఎండలో పెడితే ఇంకా బేగా కూర్చుంటాది" అన్నాడు. లోపలికి పోయి మా ఆవిడ పాత నూలు చీర ఒకటి అడిగి తెచ్చాడు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన చీర. దాని అంచులు రెండూ చింపి అవతల పడేసి, మిగిలిందాన్ని మూడు ముక్కలు చేశాడు.

చివరి నీళ్లు బోరువి పోయనివ్వలేదు. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లు ఒక చెంబుతో పైనుంచి నెమ్మదిగా జార్చాడు. నీళ్లు తమంతట తాము జారిపోయేదాకా ఆగాడు. తర్వాత ఒక ముక్కను తడిపి, గట్టిగా పిండి, పరిచి, రెండు కొసలూ పట్టుకుని తనవైపు లాక్కున్నాడు. రుద్దలేదు, నొక్కలేదు. గుడ్డ బరువు తప్ప కారు మీద ఇంకే బరువూ పడలేదు. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, తర్వాత బానెట్, తలుపులు ఆఖర్న. ఎప్పుడూ తిన్నగానే లాగాడు, ఒక్కసారి కూడా గుండ్రంగా తిప్పలేదు. రెండో ముక్కతో, పొడిదానితో, బిడ్డ తల తుడిచినట్టు అద్దుకుంటూ పోయాడు. మూడో ముక్క చక్రాలకు. అది పొరపాటున కూడా పైకి రాకూడదు. తలుపులు నాలుగూ తెరిచి, సందుల్లో దాక్కున్న నీళ్లు కారిపోయేదాకా మెట్టు మీద కూర్చున్నాడు.

"తడిగా ఉన్నప్పుడు నల్లరాయి మీద ఏ గీతా కనపడదు. ఆరినంకే తెలుస్తాది పనోడి పని" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. వద్దంటే వినేవాడు కాదు. కారు అయ్యాక బట్టలు మార్చుకునేవాడు, అందరం కలిసి చర్చికి పోయేవాళ్లం. మేం తండ్రీకొడుకులం పెద్దగా మాట్లాడుకునే రకం కాదు. గుడ్డకు చెరో కొసా పట్టుకుని లాగేటప్పుడు మాట్లాడుకున్నదే ఎక్కువ. ఆ గంట నాకు ఇష్టంగా ఉండేది. ఇది కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే మొహం ఉండదు.

ఆ ఏడు మా జూనియర్ కాలేజీలో ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయింది. నాకు ఆ కుర్చీ కావాలి. నిద్రలో కూడా కావాలి. నాకన్నా వెనక వచ్చినవాళ్లు, సున్నతో భాగించకూడదని కూడా సరిగా చెప్పలేనివాళ్లు, దానికోసం కరస్పాండెంటు గారి చుట్టూ తిరుగుతున్నారు. కరస్పాండెంటు అంటే కాలేజీ సొంతదారు. కోయిలకుంట్ల వైపు పెద్ద శనగ రైతుల కుటుంబం. ఆయనకు మనిషికన్నా మనిషి వెనక ఉన్న ఇల్లు ముఖ్యం. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏం ఉంది, ఇవి తేలాకే నీ డిగ్రీల సంగతి. మరో గొప్ప కూడా ఉంది. తన ముదురు నీలం కారును డ్రైవరు చేతికి ఇవ్వడు. రోజూ కాలేజీ పోర్టికోలో దిగగానే జేబులోంచి పసుప్పచ్చ గుడ్డ తీసి, దారిలో పడిన దుమ్మును తడి తగలకుండా, గుండ్రంగా, ప్రేమగా రుద్దుతాడు. అది చూసినప్పుడల్లా నాకు పళ్లు జివ్వుమనేవి. నవ్వుతూ నమస్కారం పెట్టేవాణ్ణి.

ఒకరోజు గదికి పిలిచాడు.

"మీది ఆళ్లగడ్డ గదా. మీ నాయన ఏం జేస్తాడు?"

"శిల్పి సార్" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. బతుకులో ఉలి పట్టని మనిషి చేతిలో ఒక్క మాటతో ఉలి పెట్టేశాను. పాలిష్ పని అని చెబితే ఏమయ్యేది? ఆయన 'ఓహో' అని కాగితాల్లోకి తల దించుకునేవాడు. ఆ 'ఓహో' వినలేక అబద్ధం చెప్పాను. కరస్పాండెంటు మొహం వెలిగింది. శిల్పి కొడుకు లెక్కల మాస్టారు కావడం ఎంత సహజమో నాకే వివరించాడు. కాలేజీ ముందు సరస్వతి విగ్రహం పెట్టాలనుకుంటున్నాడట, ఆళ్లగడ్డలో చేయిస్తున్నాడట, నన్ను తోడు రమ్మన్నాడు. ఏ షెడ్డులో అని అడిగితే, నా దరిద్రం కొద్దీ, నాయన పని చేసే షెడ్డే.

ఆదివారం పోదామన్నాడు. మీ కారులో పోదాం, నల్ల కారును అంత బాగా ఎట్లా పెట్టుకుంటారో చూడాలి అన్నాడు. ప్రిన్సిపాల్ విషయం దారిలో మాట్లాడుకుందాం అని కూడా అన్నాడు.

శనివారం నాయనకు ఫోన్ చేశాను. "రేపు రావద్దు నాయనా. మా కరస్పాండెంటు మన కారెక్కుతాడు, పనుంది" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట. పెద్దమనిషి కారెక్కుతున్నాడని తెలిశాక మా నాయన ఇంట్లో కూర్చుంటాడా? పొద్దున ఆరున్నరకల్లా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు, చేతిలో గుడ్డల సంచితో.

"పెద్దాయన ఎక్కుతాడంటివే. మచ్చలుంటే బాగుండదు గదప్పా."

కరస్పాండెంటు వచ్చేది తొమ్మిదికి. ఆలోపు పంపించేయొచ్చని లెక్క వేసుకున్నాను. లెక్కల మాస్టారి లెక్క. ఎనిమిదికల్లా నీలం కారు వచ్చి మా గేటు ముందు ఆగింది. నాయన మడిచి కట్టిన లుంగీతో, బనీనుతో, బానెట్ మీద గుడ్డ పరిచి తనవైపు లాగుతున్నాడు. మా ఆవిడ మామకు కాఫీ గ్లాసు తీసుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

కరస్పాండెంటు దిగి, కళ్లద్దాలు తీసి, కాసేపు చూశాడు.

"ఎవరీయన? భలే తుడుస్తాండాడే."

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి వస్తుందనే తెరిచాను. రాలేదు. నాయన తలెత్తి నా మొహం ఒక్కసారి చూశాడు. రాయి మీద గీత ఉందో లేదో చూసే చూపే అది. తర్వాత గుడ్డ మడుస్తూ ఆయనే చెప్పాడు.

"బండ్లు తుడిచేటోన్ని సార్. ఆదివారం ఆదివారం వచ్చి పోతాంటా."

ఆ అబద్ధం నాది కాదు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నేను ఎవరినీ ఏమీ అనలేదు కదా అని. పిరికివాళ్లందరి సమర్థింపూ ఇదే.

"అయితే మనం వచ్చేలోపల నా బండి గూడా చేసి పెట్టమనండి" అన్నాడు కరస్పాండెంటు, డ్రైవరుకు కూడా ఇవ్వని తాళాలు నా చేతికిస్తూ. నేను వాటిని నాయనకు ఇచ్చి, "సార్ బండి గూడా జేయి" అన్నాను. మా వైపు ముక్కూ మొహం తెలియని ముసలాయన్నయినా 'నాయనా' అని పిలుస్తాం. ఎవరికీ అనుమానం రాదు. అంత చిన్న మాటకు కూడా నాకు ధైర్యం చాలలేదు.

"అట్లే సార్" అన్నాడు మా నాయన, నాతో.

మా ఆవిడ కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆళ్లగడ్డ దాకా కరస్పాండెంటు మాట్లాడుతూనే ఉన్నాడు. కాలేజీకి ఎట్లాంటి మనిషి కావాలో, వంశంలో పని ఉన్నవాడికి ఉండే నిష్ఠ ఎట్లాంటిదో. నేను ఊ కొట్టాను. షెడ్డులో సరస్వతి నల్లగా, నిండుగా, వీణ పట్టుకుని కూర్చుని ఉంది. పెద్ద శిల్పి నన్ను చిన్నప్పటినుంచి ఎరుగును. చూడగానే, "మీ నాయన రాలేదేందప్పా? నిన్న పొద్దుగూకేదాకా ఈ తల్లి కాడ్నే ఉన్నాడు. ఈ నునుపంతా ఆయప్ప చేతిదే" అన్నాడు.

కరస్పాండెంటు విగ్రహం చెంప మీద వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఇట్లాంటి వేషాలు చాలా వచ్చు.

"ఎంత గొప్ప చెయ్యో. మీ నాయనను చూడాలే నేను."

"ఇప్పుడు ఊర్లో లేడు సార్" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నీలం కారు వేపచెట్టు కింద మెరుస్తోంది. ఒక్క చుక్క మచ్చ లేదు. కరస్పాండెంటు తాళాలు తీసుకుని, ఎండలో సరిగా చూడకుండానే, తొందరగా వెళ్లిపోయాడు. నాయన అప్పటికే బస్సెక్కాడు. గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసి పోయాడు. తిన్నాడా అని అడిగితే, "తిన్నాడు" అంది మా ఆవిడ.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. పొద్దుటి సంగతి అడుగుతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అప్పా, మీ సార్ బండికి బానెట్ మీద గీతలుండాయి. గుండ్రాలు గుండ్రాలుగా. పొడిగుడ్డతో దుమ్ము రుద్దిన గీతలవి, పాతవి. పొడిగుడ్డకు దుమ్ము పోదు, పొరగా కూర్చుంటాది. ఆ పొర కింద కనపడకుండా ఉన్న్యాయి, తుడిచినంక బయటపడినాయి. నేను జేసినవి గావని ఆయప్పకు చెప్పు. మర్చిపోవాకు."

"సరే నాయనా."

"మర్చిపోవాకు" అని మళ్లీ అని, పెట్టేశాడు.

సోమవారం పొద్దున నేను చెప్పబోయేలోపే కరస్పాండెంటు నన్ను పోర్టికోలోకి తీసుకుపోయాడు. వేలు పెట్టి చూపించాడు. పొద్దుటి ఎండ బానెట్ మీద పడి, వృత్తంలో వృత్తం, వృత్తంలో వృత్తం, ఎన్నో ఏళ్ల పసుప్పచ్చ గుడ్డ పని అంతా బయట పెట్టింది.

"చూడండి, మీ పనోడు ఎట్లా గీకి పెట్టినాడో. చూసేదానికి నిదానస్తుడి మాదిరి ఉండాడు. పని రాదు వానికి."

నాకు అంతా తెలుసు. ఆ గీతలు ఎవరివో తెలుసు, ఎట్లా పడ్డాయో తెలుసు, మా నాయన చేయి గుండ్రంగా తిరగదని తెలుసు. వృత్తానికీ సరళరేఖకూ తేడా చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు. ఊరందరి గుడ్డల మీదా, గుండీల మీదా పేజీలు పేజీలు మాట్లాడగల నోరు నాది.

"సారీ సార్" అన్నాను.

"వాన్ని మాన్పించండి."

"సరే సార్."

ఆయన శాంతించి, జేబులోంచి పసుప్పచ్చ గుడ్డ తీసి, ఆ గీతల మీదే మళ్లీ రుద్దుతూ అన్నాడు. "విగ్రహం పెట్టిననాడు మీ నాయనను పిలిపిద్దాం. శాలువా కప్పుదాం. అట్లాంటి చెయ్యి ఎంతమందికుంటాది చెప్పండి."

"ఆయన ఫంక్షన్లకు రాడు సార్" అన్నాను.

ఆ వారంలోనే నన్ను ప్రిన్సిపాల్ని చేశారు. అర్హత ఉన్నవాడికే వచ్చిందని తోటి లెక్చరర్లు స్వీట్లు తిన్నారు. నేనూ తిన్నాను.

మరుసటి ఆదివారం నాయన ఎప్పటి బస్సుకే వచ్చాడు. నేను ముందే లేచి కారును ఇంటి వెనక సందులో పెట్టాను. వేపచెట్టు కన్నా అక్కడ నీడ బాగుంటుందని చెప్పాను. "ఇన్నాళ్లకు తెలిసొచ్చిందే నీకు" అని సంతోషపడ్డాడు. ప్రిన్సిపాల్ అయిన సంగతి చెబితే తడి చేతులు లుంగీకి తుడుచుకుని, నా తల మీద చేయి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాడు. నేనూ అన్నాను.

తర్వాత పైకప్పు మీద గుడ్డ పరిచి, ఒక కొస నాకిచ్చి, తను ఒక కొస పట్టుకున్నాడు. సగం దాకా లాగి ఆగాడు.

"ఆ గీతల సంగతి మీ సార్‌కు చెప్పినావా?"

"చెప్పినా నాయనా."

"ఏమన్న్యాడు?"

"పాతవేనని ఆయనకూ తెలుసంట."

నాయన తల ఊపాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టయింది. గుడ్డను తిరగేసి, మళ్లీ పరిచి, అంచు సరిచేశాడు.

"అంతే చాలప్పా" అన్నాడు. "నన్ను పనోడనుకున్నా పర్వాలేదు. పని రానోడనుకోగూడదు."